ఏసీ అన్న, నేను పెట్టిన మూడు గుడ్లు

మా ఏసీ అన్న పోయి నలభై రోజులైంది. ఆగస్టు నెల, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మా అమ్మాయికి అన్నం కలుపుతుంటే వాచ్‌మన్ వచ్చి తలుపు బాదాడు. మామూలుగా బెల్లు కొట్టి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడే మనిషి. ఆ రోజు గుమ్మంలోకే వచ్చేసి, "మేడమ్, ఏసీ భాయ్ ఊపర్ గిర్ గయా," అన్నాడు. నైటీలోనే పరుగెత్తాను. గేటు పక్క గదికి నిచ్చెన వేసి ఉంది, నిచ్చెన కింద ఆయన చెప్పులున్నాయి. పైకెక్కి చూస్తే ఏసీ బయటి మిషన్ పక్కన బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద చెయ్యి వేస్తే చొక్కా కాలింది. అంబులెన్స్ వచ్చింది కానీ దానికి చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. గుండె ఆగిందని డాక్టరు రాశారు. నలభై ఆరేళ్ళు.

దోహా తెలుగువాళ్ళం ఏడాదికోసారి జిరాక్సు తీసి పంచుకునే ఈ పుస్తకంలో ఆయన గురించి ఒక పేజీ రాయమన్నారు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఆయన చెయ్యి పెట్టని ఏసీ ఉండదు కాబట్టి, ఆయన మంచివాడని నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది ఒక పేజీలో ఇమడదు. సంపాదకులు కత్తిరించకుండా వేస్తే మహోపకారం.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీకి ఏసీ ఫోర్‌మన్. మేముండేది ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో, అయిదు కుటుంబాలకు అయిదు ముక్కలు చేసిన పాత విల్లా. ఇంటి యజమాని తన ఏసీలన్నీ చూసిపెట్టే షరతు మీద గేటు పక్కనున్న డ్రైవర్ గదిని ఆయనకిచ్చాడు. కంపెనీ ఒప్పుకుంది కాబట్టి కార్మికుల క్యాంప్ వదిలి వచ్చేశాడు. క్యాంప్‌లో గదికి పన్నెండు మంది మధ్య పాముల్ని పెంచనివ్వరు కదా.

అవును, పాములు. కువైట్ యుద్ధం ముగిసిన మరుసటేడు పెళ్ళయి నేనిక్కడికి వచ్చిన మొదటి వారంలోనే పక్క పోర్షనావిడ నన్ను కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పింది. గేటు పక్క మనిషి దగ్గర రష్యా పాములున్నాయి, పిల్లా, ఆ వైపు పోకు అంది. నేను కాకినాడ దానిని, పామంటే ఆమడ దూరం పరుగెత్తే రకం. ఆరు నెలలు ఆ గది ముందునుంచి నడిస్తే ఒట్టు. చివరికి ఒక జూలైలో మా ఏసీ చచ్చిపోయి, ఆయన వచ్చి రెండు గంటలు దాని పొట్ట విప్పుకుని కూర్చున్నాడు. బాగుచేశాక గాలి వచ్చే చోట అరచెయ్యి కాదు, చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి చూశాడు. అరచేతికి కాయలు కాసి చల్లదనం తెలియదట. పాలు లేని టీ ఇస్తే తాగి, చెల్లె, పాముల్ని సూస్తవా అని అడిగాడు. మొహమాటానికి తలూపాను.

రెండు గాజు పెట్టెలు. ఒక్కోదాన్లో ఒక్కో పాము. అవి మన జెర్రిగొడ్లకు దాయాదులే. రష్యా చివర మంచు కురిసే నది ఒడ్డున పుట్టే జాతి. నల్లటి మెరుపు ఒళ్ళు, దాని మీద గుమ్మానికి రాసిన పసుపులాంటి పట్టీలు. విషం లేదు. ఆడది నా వైపు తల తిప్పి నాలుక ఆడించింది. నిజం చెప్పొద్దూ, అందంగా ఉంది. భయపడటం మర్చిపోయాను.

అవి ఆయనకు దొరికిన తీరు కూడా చెప్పాలి. ఏసీ బాగుచేయడానికి ఒక యూరప్ టీచరింటికి వెళ్ళినప్పుడు అక్కడ ఈ జాతి పాము బొమ్మ ఒక పుస్తకంలో చూశాడట. ఆ పూట పని అయిపోయినా కదల్లేదట. ఆ తర్వాత రెండేళ్ళు డిక్షనరీ పక్కన పెట్టుకుని, పాములు పెంచేవాళ్ళకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాడు. జవాబులు కంపెనీ పోస్ట్ బాక్సుకి వచ్చేవి. ఈ ఏడు పిల్లలు లేవు, వచ్చే ఏడు చూద్దాం అని. చివరికి ఆ టీచరే సెలవుకి ఊరెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు అన్ని కాగితాలతోనూ ఒక జంటని తెచ్చిచ్చాడు. అప్పటికి అవి చూపుడువేలంత లావు. వాటి తిండికి తెల్ల ఎలుకల్ని కూడా ఈయనే పెంచాడు. సెలవుల్లో ఊరెళ్తే వాళ్ళావిడ, దుబాయ్‌ల పాములకు సుత ఏసీలు పెడుతరా అని నవ్విందట. ఊరివాళ్ళకి దోహా అయినా దుబాయే.

విల్లాలో మగవాళ్ళకి ఆయన మంచి కాలక్షేపం. పాముకి పాలుపోసి పెంచుతున్నావయ్యా అని వేళాకోళం చేసేవారు. పాము పాలు తాగదు సార్, నీళ్ళే తాగుతది అని ఎప్పుడూ ఒకే జవాబు, కోపం లేకుండా. అవి పిల్లలు పెట్టాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. ఎందుకన్నయ్యా అని అడిగితే, వాటి ఊరు కాని ఊర్ల ఉన్నయ్ గద, ఇల్లు నిలబడాలె అన్నాడు. ఎనిమిదేళ్ళలో భార్యతో మొత్తం కలిపి తొమ్మిది నెలలు కూడా ఉండని మనిషి ఆ మాట అన్నాడు.

చలికాలం నిద్రపోకపోతే ఆ జాతి జతకట్టదు. మూడు నెలలు మన ఫ్రిజ్‌లో కూరగాయలుండేంత చలిలో పడుకోవాలి. దోహాలో అంత చలి ఎక్కడుంది? ఆయన తయారుచేశాడు. వీధిలో కిరాణా కొట్టు, అదే బకాలా వాళ్ళు పారేసిన కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తెచ్చి, లోపలి సామానంతా మార్చి, ఎనిమిది డిగ్రీల దగ్గర ముల్లు కదలకుండా చేశాడు. మిషన్ అబద్ధమాడదు చెల్లె, మనిషే ఆడుతడు అనేవాడు, దాని తలుపు మీద తట్టి. ఆ పనిలో ఆయన గర్వమంతా ఉండేది.

ఆడది ఈడుకొచ్చిన సంవత్సరం నాగుల చవితి ముందర ఆయనకి ఊరవతల ఉమ్ సయీద్ ఫ్యాక్టరీలో, మిషన్లన్నీ ఆపి బాగుచేసే పది రోజుల షట్‌డౌన్ డ్యూటీ పడింది. గది తాళం నాకిచ్చాడు. అంతకుముందు కూడా ఇచ్చేవాడు, నేను నీళ్ళు మార్చేదాన్ని. ఈసారి మాత్రం గుమ్మంలో నిలబెట్టి రెండుసార్లు చెప్పాడు.

"నీళ్ళు మార్చు, డిగ్రీలు రాసిపెట్టు. తిండి మాత్రం పెట్టకు చెల్లె. అడిగినట్టే సూస్తయ్, పెట్టకు. కడుపు ఖాళీ కావాలె, అప్పుడే చలిల పెట్టాలె."

విన్నాను. ఎందుకో అడగలేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. అప్పటికి పెళ్ళయి మూడేళ్ళు దాటింది. కడుపు పండలేదు. మా అమ్మ ప్రతి ఉత్తరంలోనూ నాగుల చవితి సంగతే రాసేది. పుట్టలో పాలు పొయ్యి, గుడ్డు వెయ్యి, మనసారా అడుగు అని. దోహాలో పుట్ట ఎక్కణ్ణుంచి తేను? అంతకుముందు రెండేళ్ళూ వరిపిండితో పడగ చేసి దాని మీదే పాలు పోశాను. ఈసారి నాకు నలభై అడుగుల దూరంలో, నా చేతిలో తాళంతో, సాక్షాత్తూ పామే ఉంది.

చవితి నాడు ఉపవాసమున్నాను. చిమ్మిలి, చలిమిడి చేశాను. పాలు ముట్టదని తెలుసు కాబట్టి సూపర్‌మార్కెట్‌లో దొరికే కౌజుపిట్ట గుడ్లు మూడు కడిగి పసుపు రాయకుండా పట్టుకెళ్ళాను. పసుపు రాస్తే దానికి పడదేమో అన్నంత జ్ఞానం నాకుంది, చూడండి. ఆడది రెండు వారాలుగా ఏమీ తినలేదు. నా వైపు చూసింది. నేను పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, అది పక్షం రోజులుగా తినలేదు, ఇద్దరం ఒకటే అనిపించింది. జాలేసింది. పెట్టె మూత తీసి మూడు గుడ్లూ ఒక మూల పెట్టాను. మగది పక్క పెట్టెలో నిద్రపోతోంది. ఆడది వచ్చి, వాసన చూసి, ఒకటి తర్వాత ఒకటి మూడూ మింగింది. నేను గోడకి చేరగిలబడి ఏడ్చాను. నాగేంద్రుడు నా చేతి నైవేద్యం తిన్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాను.

చవితి వెళ్ళిన నాలుగో రోజున ఆయన వచ్చాడు. నేను రాసిన డిగ్రీల కాగితం చూసి మెచ్చుకున్నాడు. ఏమన్న పెట్టినవా చెల్లె అని అడిగాడు. అనుమానంతో కాదు, గేటు తాళం వేశావా అని అడిగినట్టు అడిగాడు. లేదన్నయ్యా అన్నాను. ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను. పూజ ఫలం బయటికి చెబితే పోతుందనుకున్నాను. చెబితే బాధపడతాడనుకున్నాను. రెండూ నిజమే, రెండూ సాకులే. ఆ వారంలోనే ఆయన రోజుకింత చలి పెంచుకుంటూ రెండింటినీ ఫ్రిజ్‌లోకి మార్చాడు.

జనవరిలో ఆడది చచ్చిపోయింది. అప్పటికి నాకు నెల తప్పింది.

ఆ రోజు ఆయన నన్ను పిలిచి చూపించాడు. పాము మామూలుగానే చుట్ట చుట్టుకుని ఉంది, పొట్ట దగ్గర మాత్రం రంగు మారి ఉబ్బింది. వాసన. ఆయన నేల మీద కూర్చుని నెమ్మదిగా లెక్క వేసుకున్నట్టు చెప్పాడు. కడుపులో తిండి ఉండగా చలిలో పెడితే అది అరగదు, లోపలే కుళ్ళి పాముని చంపేస్తుంది. అదొకటి. లేదంటే మిషన్ ఎప్పుడో తప్పి, చలి హెచ్చుతగ్గులై ఉండాలి. ఈ రెండే దారులు. అప్పుడు నాకు అర్థమైంది. 

"మిషన్ మంచిగున్ననంటది. తిండి వెట్టలేదని నువ్వంటివి," అన్నాడు. "రెండిట్ల ఒకటి తప్పు. నా చెల్లె నాకెందుకు అబద్ధం జెప్తది? మిషనే తప్పింది. నేనే సంపిన దీన్ని."

నేను నిజం చెప్పలేదు. కడుపులో బిడ్డ ఉంది, ఆ బిడ్డ ఆ గుడ్ల వల్లే వచ్చిందని అప్పటికి గట్టిగా నమ్ముతున్నాను. చెబితే ఎవరో వచ్చి తిరిగి తీసుకుపోతారన్నంత పిచ్చి భయం. పొట్ట కోసి చూస్తే ఆయనకే తెలిసిపోయేది. కోయలేదు. దాని మీద కత్తి పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. తెల్లగుడ్డలో చుట్టి, సల్వా రోడ్డు అవతల ఇసుకలో పూడ్చి వచ్చాడు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆస్పత్రికి అందరికంటే ముందు వచ్చింది ఆయనే. పిల్ల చేతిలో వెండి మొలతాడు పెట్టి, వార్డులో ఏసీ చెయ్యి వెనక్కి తిప్పి చూసి, చంటిపిల్లకు ఎక్కువైంది అని నర్సుకి చెప్పి తగ్గింపించాడు.

ఆ తర్వాత ఆయన మారిపోయాడు. పైకి తెలిసేది కాదు. మిషన్ అబద్ధమాడదు అనే మాట మళ్ళీ ఆయన నోట వినలేదు. గదికి ఒక థర్మోస్టాట్ ఉన్న చోట మూడు బిగించాడు. మూడూ ఒకే అంకె చూపించినా నమ్మేవాడు కాదు. మిషన్‌ను నమ్మద్దు చెల్లె, చెయ్యి వెట్టి సూడాలె అనేవాడు. మధ్యాహ్నం అన్నానికి కంపెనీ వదిలే గంటన్నరలో, ఎవరిదో పికప్ ఎక్కి ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఇంత దూరం వచ్చి, నిచ్చెనెక్కి బయటి మిషన్ మీద చెయ్యి పెట్టి చూసి, దిగి, తినకుండా వెనక్కి పోయేవాడు. ప్రతిరోజూ. విల్లాలో అందరూ నవ్వుకునేవారు, చాదస్తం ముదిరిందని. నేనూ నవ్వాను, వాళ్ళతో కలిసి. ఈ కాగితం మీద పెట్టినవాటిలో నాకు అన్నిటికంటే సిగ్గయిన వాక్యం ఇదే.

రెండో ఆడపాముకి మళ్ళీ ఉత్తరాలు. ఏడాదిన్నర తర్వాత ఒకటొచ్చింది. పెరిగాక చూస్తే అదీ మగదే, అమ్మినవాడు పోల్చుకోలేకపోయాడు. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు నాకు నచ్చలేదు. దాన్ని ఎవరికో ఇచ్చేసి మళ్ళీ మొదలుపెట్టాడు. పోయిన సంవత్సరం, ఈడుకొచ్చిన ఆడదే ఒకటి దొరికింది. మొన్నటి చలికాలం రెండింటినీ నిద్రపుచ్చాడు. ఆ మూడు నెలలూ నాకు తాళం ఇవ్వలేదు. అనుమానంతో కాదు, డ్యూటీలు మార్పించుకుని ఊరు దాటలేదు, అంతే. జూలై మొదట్లో పదకొండు గుడ్లు పెట్టింది. పాముగుడ్డుని కోడిగుడ్డులా తిప్పకూడదట. తిప్పితే లోపలి పిల్ల చస్తుందట. ఒక్కోదాని నెత్తిన పెన్సిల్‌తో చుక్క పెట్టి, తడి ఇసుకలాంటి దాన్లో సర్ది, నాకు చూపించాడు. యాభై రోజులు చెల్లె, ఇరవై ఏడు డిగ్రీలు, ఎక్కువా లేదు తక్కువా లేదు అన్నాడు. ఆ మొహం అంత వెలిగి చూసి చాలా ఏళ్ళయింది. అప్పుడైనా చెప్పాలనుకున్నాను. గుడ్లు పిల్లలయ్యాక చెబుదాం, అప్పుడు నవ్వి ఊరుకుంటాడు అని వాయిదా వేశాను.

జూలై నుంచి రోజుకి రెండుసార్లు నిచ్చెన ఎక్కాడు. ఆగస్టులో ఆ మధ్యాహ్నం ఎక్కి దిగలేదు. ఆయన్ని అంబులెన్స్‌లోకి ఎక్కించాక నేను గదిలోకి వెళ్ళి చూశాను. మూడు థర్మోస్టాట్లూ ఇరవై ఏడు చూపిస్తున్నాయి. మిషన్‌కి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

గుండె జబ్బు అంతకుముందే ఉండొచ్చు, నువ్వెందుకలా అనుకుంటావు అని మావారు అన్నారు. మావారికి ఈ కథ మొత్తం చెప్పింది కూడా ఆ రాత్రే. ఉండొచ్చు. కానీ ఆగస్టు ఎండలో, ఖాళీ కడుపుతో, ఏ లోపమూ లేని మిషన్‌ని చూడటానికి ఆయన్ని రోజూ ఆ నిచ్చెన ఎక్కించింది నా ఒక్క అబద్ధం. అది డాక్టరు కాగితంలో రాయరు.

కంపెనీ మనుషులు సామాను లిస్టు రాయడానికి వచ్చి, పెట్టెలు చూసి బయటికి పరుగెత్తారు. పోతూ పోతూ కరెంటు మెయిన్ ఆపేసి పోయారు. నేను చూసుకునేసరికి సాయంత్రమైంది. గది పొయ్యిలా ఉంది. పాములు రెండూ నీళ్ళ గిన్నెల్లో పడుకుని ప్రాణాలతో ఉన్నాయి. యూరప్ టీచరు వచ్చి వాటిని తీసుకెళ్ళాడు. గుడ్లు దూరం కదిపితే కష్టమని, నన్ను ఉంచుకోమన్నాడు. మావారూ నేనూ ఆ డబ్బా ఒరగకుండా పట్టుకుని, నలభై అడుగులు పెళ్ళిపల్లకీ మోసినంత నెమ్మదిగా నడిచి మా పడకగదిలో పెట్టాం. చుక్కలు పైకే ఉన్నాయి. వారం తిరిగేసరికి ఏడు గుడ్లు లొత్తలు పడి బూజు పట్టాయి.

శవం ఊరు చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది. దినాలయ్యాక వాళ్ళ ఊళ్ళో కిరాణా కొట్టు ఫోనుకి చేసి వాళ్ళావిణ్ణి పిలిపించాను. ఈ కథ మీకంటే ముందు ఆమెకి చెప్పాలి కదా. గుడ్ల దగ్గర్నుంచి లేదన్నయ్యా దాకా అంతా చెప్పాను. అటువైపు కొట్టులో ఎవరో బేరమాడుతున్న మాటలు వినిపించాయి. ఫోను అక్కడే పెట్టి వెళ్ళిపోయిందేమో అనుకుని, వదినా అన్నాను.

"ఏ ఉత్తరం రాసినా గదే ముచ్చట రాసెటోడు," అంది ఆమె. "నా చేతులనే సచ్చింది, నా పనిల నాకే తప్పొచ్చింది అని. నిద్రవడ్తలేదని రాసెటోడు. పాముకోసం గింత ఏడ్సుడేంది అని నేనే కోప్పడ్డ."

క్షమించమని అడిగాను.

"ఒక్క మాట జెప్పకపోతివి చెల్లె. ఆయన బతికున్నప్పుడు ఒక్క మాట జెప్పకపోతివి."

ఫోను పెట్టేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని బతికేదాన్ని.

ఆ మర్నాడు మధ్యాహ్నం మిగిలిన నాలుగు గుడ్లలో ఒకటి చీలింది. బ్లేడుతో గీసినంత సన్నటి చీలిక. దాన్లోంచి అగ్గిపుల్ల తలంత ముక్కు, తర్వాత రెండు కళ్ళు బయటికొచ్చాయి. నేను డబ్బా ముందు నేల మీద కూర్చున్నాను. గుడ్డుపెంకు తీసి సాయం చేద్దామని చెయ్యి లేచింది. ఈసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు బిగించుకున్నాను. అది బయటికి రాలేదు, లోపలికీ పోలేదు. అసరు నమాజు వేళ దాటింది, పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినిపించింది, మావారు వచ్చి లైటు వేశారు. అది అలాగే తల బయటపెట్టి, ఊపిరి తీసుకుంటూ, నా వైపే చూస్తూ ఉంది.